రూపాయీ, అర్ధరూపాయీ

పర్లాకిమిడి

అమ్మా,

ఆశీస్సులు. పిల్లలకి సంభావ్యత, అంటే ఏది జరిగే అవకాశం ఎంత అన్న లెక్క, నేర్పడానికి నువ్వు రాస్తున్న పుస్తకం రాతప్రతి, గుణుపురం నుంచి పంపిన ఇరవై పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుగో పేజీ దగ్గర కునుకు పట్టింది, దాచడమెందుకు. కొంత తప్పు నా వయసు మీద వేసుకో. మిగతాది నీ మొదటి మూడు పేజీలదే.

"ఒక యాదృచ్ఛిక ప్రయోగంలో సాధ్యమయ్యే పర్యవసానాలన్నింటి సమితిని ప్రతిరూప ఆవరణ అంటారు" అని మొదలుపెట్టావు. తప్పేమీ లేదు, పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. కానీ నీ పుస్తకం చదివేదెవరు? మన పిల్లలు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, ఫోన్లో హిందీ. తెలుగు అక్షరాలు అమ్మమ్మ దగ్గరో, ఆదివారం పూట నీ దగ్గరో నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళకి "సంభావ్యత" కష్టం కాదు. ఒడియా లెక్కల పుస్తకంలోనూ అదే మాట, పలకడంలోనే కాస్త తేడా. "ప్రతిరూప ఆవరణ" మాత్రం గోడలా అడ్డం నిలబడుతుంది.

పోనీ దాన్నే ఇంగ్లీషులో శాంపిల్ స్పేస్ అందామంటే అదింకో తిరకాసు. శాంపిల్ అంటే మన పిల్లలకి తెలిసింది కొట్లో ఉచితంగా ఇచ్చే షాంపూ పేకెట్టు, బస్తాలోంచి తీసి చూపించే గుప్పెడు కందిపప్పు. అంటే మొత్తంలో కొంచెం. ఇక్కడేమో శాంపిల్ స్పేస్ అంటే బస్తా బస్తా అంతాను! జరగడానికి వీలున్నవన్నీ, ఒక్కటి కూడా వదలకుండా. మాట ఒక వైపు లాగుతుంటే అర్థం ఇంకో వైపు పోతుంది. పదో తరగతి వాళ్ళు ఎక్కడ తికమకపడుతున్నారో తెలియక నేను చాలా ఏళ్ళు వాళ్ళనే కోప్పడ్డాను. కాబట్టి మొదటి అయిదారు పేజీలూ "అన్ని ఫలితాల జాబితా" అనే రాయి. జాబితా రాయడం పిల్లల చేతికి అలవాటు పడ్డాక, దీన్నే పుస్తకాల్లో ఫలానా అంటారని ఒకసారి చెప్పు, సరిపోతుంది.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరమ్మా ఇది. సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పాలని తాపత్రయపడ్డ మనిషి. ఆయన తిరిగిన వీధుల్లో కూర్చుని "పర్యవసానాలన్నింటి సమితి" చదువుతుంటే నాకే మొహమాటంగా ఉంది.

ఇక అసలు సంగతి. నీ ఏడో పేజీలో రెండు నాణేల లెక్క ఉంది. బొమ్మ-బొమ్మ, బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు, మొత్తం నాలుగు అని రెండు లైన్లలో తేల్చేసి ముందుకి వెళ్ళిపోయావు. నువ్వు ఆగాల్సింది అక్కడే. ఆ లెక్క దగ్గర నేనొకసారి పరువు పోగొట్టుకున్నాను.

ముప్పై ఏళ్ళ కిందట ఒక పిల్లల పత్రికకి నెలనెలా లెక్కల శీర్షిక రాసేవాణ్ణి. ఆ రాత్రి కరెంటు లేదు, పొద్దున్నే టపాలో వెయ్యాలి. రెండు నాణేలు ఎగరేస్తే జరిగేవి మూడే: రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, ఒకటి అదీ ఒకటి ఇదీ. కాబట్టి మూడోది జరిగే సంభావ్యత 1/3 అని రాసి పడేశాను. అచ్చయిపోయింది. పది రోజులకి కాశీనగరం దగ్గరి పల్లె నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. పదో తరగతి కుర్రాడు. "మాస్టారికి నమస్కారం. ఒకటి రూపాయి, రెండోది అర్ధరూపాయి అయితే మీ జాబితాలో ఎన్ని వస్తాయండీ?" ఇంతే ఉంది. మీరు తప్పు రాశారన్న మాట ఎక్కడా లేదు.

రూపాయి బొమ్మ, అర్ధరూపాయి బొరుసు ఒకటి. రూపాయి బొరుసు, అర్ధరూపాయి బొమ్మ ఇంకొకటి. నాలుగయ్యాయి. జవాబు 1/2. రెండూ రూపాయి బిళ్ళలే అయితే మన కంటికి తేడా తెలియదు, నిజమే. మనకి తెలియడం లేదని నాణేలు తమ పద్ధతి మార్చుకుంటాయా?

సవరణ వెయ్యండి అని పత్రికకి రాశాను. వెయ్యలేదు. మళ్ళీ రాస్తే, ఎవరూ గమనించలేదు లెండి అన్నారు. గమనించినవాడి కార్డు నా చేతిలోనే ఉంది. ఆ నెలతో శీర్షిక మానేశాను. కార్డు మాత్రం ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది.

అందుకని చెబుతున్నాను, ఆ పేజీలో ముందు తప్పు జాబితా రాయి. ధీమాగా రాయి. మూడే కదా అని చదివేవాడి చేత తల ఊపించు. ఆ తర్వాత రూపాయినీ అర్ధరూపాయినీ తీసుకురా. ఇప్పటి పిల్లలు అర్ధరూపాయి చూడలేదంటావా, అయిదు రూపాయల బిళ్ళ పెట్టుకో. ముందే సరైన నాలుగూ చెప్పేస్తే పిల్ల బట్టీ పడుతుంది. ఒకసారి పడి లేస్తే ఇంక మర్చిపోదు.

ఇలా పడ్డవాణ్ణి నేనొక్కణ్ణే కాదని తర్వాత తెలిసి కాస్త ఊరట కలిగింది. ఫ్రాన్సులో దాలంబేర్ అని గొప్ప గణితవేత్త ఉండేవాడు. 1754లో ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వానికి ఈ బొమ్మా బొరుసుల అంశం రాసింది ఆయనే. నాణెం రెండుసార్లు ఎగరేసే ఆటలో ఒక్కసారైనా బొమ్మ పడే అవకాశం ఎంత? మొదటిసారే బొమ్మ పడితే గెలిచేశాం, మళ్ళీ ఎగరెయ్యడం దేనికి? కాబట్టి జరిగేవి మూడు: బొమ్మ, బొరుసు తర్వాత బొమ్మ, రెండుసార్లూ బొరుసే. మూడింట్లో రెండు గెలుపులు గనక 2/3 అన్నాడు. అసలు జవాబు 3/4.

ఆయన తప్పు నా తప్పు లాంటిది కాదు, జాగ్రత్తగా చూడు. ఆయన దేన్నీ వదల్లేదు, దేన్నీ రెండుసార్లు రాయలేదు. ఆ ఆటకి ఆ మూడూ సరైనవే. కాకపోతే మొదటి దాని బరువు సగం, మిగతా రెండింటిదీ తలో పావు. మూడింటినీ ఒకే తూకం అనుకున్నాడు. సగం, పావు కలిపితే ముప్పావు, అదే 3/4. నీ ట్యూషన్లో ఎవడైనా "పాసవుతాను, లేదంటే ఫెయిలవుతాను, రెండే కదా, సగం సగం, టెన్షన్ ఎందుకు" అంటే నవ్వి ఊరుకోకు. వాడూ దాలంబేరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

జాబితా పూర్తిగా ఉందా అన్నది ఒక ప్రశ్న. అందులోవన్నీ సమానమా అన్నది రెండో ప్రశ్న. నీ ఇరవై పేజీల్లో మొదటి ప్రశ్న నాలుగైదు చోట్ల ఉంది, రెండోది ఎక్కడా లేదు. "సమసంభవ ఘటనలు" అని నిర్వచనం ఇచ్చావు, అంతే. ఉదాహరణకి పాచిక తీసుకుని, ఆరు ముఖాలూ సమానమని నువ్వే ముందు చెప్పేశావు. ఇంక చదివేవాడికి అనుమానపడే పనేముంది?

పాచిక పక్కన పెట్టి చింతపిక్కలు తీసుకో. బండ మీద అరగదీసి, ఒక వైపు తెలుపు, ఒక వైపు నలుపు ఉండేలా నాలుగు పిక్కలు. అష్టాచెమ్మా ఆడని ఇల్లు మన వీధుల్లో ఉందా? మా ఇంటి పద్ధతి ఏమిటంటే, ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్ళు, నాలుగూ తెల్లనైతే చెమ్మ, నాలుగూ నల్లనైతే అష్ట, అంటే ఎనిమిది. మీ ఇంట్లో వేరేగా ఆడితే అదే రాయి. పడేవి అయిదు: 1, 2, 3, 4, 8. ఒక్కోదానికి అయిదో వంతు అవకాశమా అని అడుగు. అష్ట కోసం మధ్యాహ్నమంతా ఎదురుచూసిన ఏ పిల్లా ఒప్పుకోదు. ఆ ఒప్పుకోకపోవడంతోనే నీ పాఠం మొదలవుతుంది.

పిక్కలకి గుర్తులు పెట్టించు, ఒక చుక్క, రెండు, మూడు, నాలుగు. ఇప్పుడు జాబితా రాస్తే 16 వరసలు వస్తాయి. ఒక్కటీ తెల్లగా లేనివి 1, ఒకటి తెల్లగా ఉన్నవి 4, రెండైతే 6, మూడైతే 4, నాలుగూ తెల్లనివి 1. అంటే రెండు పడే అవకాశం 6/16, అష్టకి 1/16. మన కుర్రాడి రూపాయీ అర్ధరూపాయీ ఇక్కడ నాలుగు పిక్కలయ్యాయి, అంతే తేడా.

చాలామంది ఇక్కడ ఆపేస్తారు. నువ్వు ఇంకొక్క అడుగు వెయ్యి. ఆ 16 మాత్రం సమానమని ఎవరు చెప్పారు? పిక్క నాణెం లాంటిది కాదు, ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. ఒక పిక్కని 100 సార్లు వేస్తే 60 సార్లు నలుపు పైకి పడిందనుకుందాం. అప్పుడు నాలుగూ నల్లగా పడే అవకాశం 0.6ని నాలుగుసార్లు గుణిస్తే వచ్చే 0.1296. నాలుగూ తెల్లగా పడేది 0.4ని నాలుగుసార్లు గుణిస్తే వచ్చే 0.0256. అష్ట, చెమ్మ కంటే అయిదు రెట్లు తేలిక! జాబితాలో ఒక్క వరస కూడా మారలేదు, వరసల బరువులే మారాయి. "అనుకూల ఫలితాలు బై మొత్తం ఫలితాలు" అన్న సూత్రానికి "అన్నీ సమసంభవాలైతే" అన్న షరతు ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది. నీ రాతప్రతిలో ఆ షరతు బ్రాకెట్లో నక్కి ఉంది. బయటికి తీసి సూత్రం కంటే ముందు పెట్టు.

నా 60ని నీ పుస్తకంలోకి ఎత్తుకోకు, అది మాట వరసకి అనుకున్నది. నువ్వే కూర్చుని పిక్క వెయ్యి, నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా, అలా లెక్క రాసుకో. పదకొండో పేజీలో "నాణెం 100 సార్లు ఎగరవేయగా 50 సార్లు బొమ్మ పడినది" అని రాశావు. ఎగరేశావా? నేను నమ్మను. సరిగ్గా 50 పడే అవకాశం నూటికి ఎనిమిది కంటే తక్కువ. అసాధ్యమేమీ కాదు, కానీ ఆ వాక్యం చూడగానే కుర్చీలో కదలకుండా రాసినట్టు తెలిసిపోతోంది. 47 పడితే 47 అనే రాయి. ఎందుకు 50 పడలేదని పిల్లలు అడుగుతారు, అడగనీ.

పై క్లాసు పిల్లల కోసం గెలీలియో చేసిన లెక్క ఒకటి చేర్చుకో. మూడు పాచికలు వేస్తే మొత్తం 9 రావడానికి ఆరు రకాల కూర్పులు, 10 రావడానికీ ఆరే. అయినా 10 కాస్త ఎక్కువగా పడుతోందని జూదగాళ్ళు కనిపెట్టారు. 3-3-3 ఒక్క రకంగానే పడుతుంది, 1-2-6 ఆరు రకాలుగా పడుతుంది. అలా విడదీసి లెక్కపెడితే మొత్తం 6×6×6, అంటే 216లో 9కి 25, 10కి 27. నూటికి ఒకటి కూడా లేని తేడా. దాన్ని చేతి అనుభవంతో పట్టుకున్నారంటే ఎన్ని రాత్రులు ఆడి, ఎంత పోగొట్టుకుని ఉంటారో!

పేక ముక్కల మీద నాలుగు పేజీలు మాత్రం దండగ. మన ఇళ్ళల్లో చాలామంది ఆడపిల్లలకి పేక ముట్టుకోనివ్వరు. ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను, ఒక్కోటి 13, ఎరుపు 26, నలుపు 26, బొమ్మ ముక్కలు 12. పరీక్షలో అడుగుతారు కనక ఇదొక పేరా ఉంచు.

ఆ మిగిలిన చోట్లో నలుడి కథ పెట్టుకోవచ్చు. రథం మీద పోతూ ఋతుపర్ణ మహారాజు తాండ్రచెట్టు కొమ్మల్ని చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. బాహుకుడి వేషంలో ఉన్న నలుడు నమ్మడు. రథం ఆపి, చెట్టు కొట్టి మరీ లెక్కపెడతాడు. ఆ రోజుల్లో జూదానికి వాడింది కూడా తాండ్రకాయలనే. లెక్క సరిపోయాకే అక్షహృదయం, అంటే పాచికల రహస్యం, ఆయన దగ్గర నేర్చుకుంటాడు. ఋతుపర్ణుడి కంటే ఆ చెట్టు కొట్టినవాడే నాకు నచ్చాడు. అయితే సంభావ్యత అంతా మనవాళ్ళకి ముందే తెలుసని మాత్రం రాయకు. ఆ కథలో భిన్నం ఎక్కడా లేదు.

తిరగరాసి పంపు, తొందరేం లేదు. ఈలోపు ఒకటి ఆలోచించి పెట్టు. మా మనవరాలు మొన్న పిక్కలు వేస్తే ఒకటి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. తెలుపూ కాదు, నలుపూ కాదు. మా అమ్మ ఉండగా అయితే "చెల్లదు, మళ్ళీ వెయ్యి" అనేది. మనవరాలు మాత్రం దీన్నీ జాబితాలో రాయాలంటోంది, పదిహేడో వరసగా. ఒక్క పిక్క నిలబడితే పెరిగేది ఒక వరసేనా, ఇంకా ఎక్కువా? నేను దానికి ఇంకా జవాబు చెప్పలేదు. నువ్వయితే ఏం చెబుతావో రాయి.

ఇట్లు,
మాస్టారు