పడవెక్కాలా, రోడ్డు మీంచే చూడాలా?

(ప్రయాణాల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకు తిరుపతిలో జాగ్రఫీ టీచరుగా రిటైరైన మా కాలమిస్టు జవాబులు)

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పిల్లలిద్దరినీ, మా అత్తమ్మనీ పులికాట్ తీసుకెళ్లి పడవ షికారు చేయించాలని ఉంది. మావారేమో ‘కచ్చులూరు మర్చిపోయావా?’ అని ఒక్క మాటతో కొట్టేస్తున్నారు. పిల్లలకి ఫ్లెమింగోలు చూపిస్తానని మాటిచ్చేశాను. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: మీవారి భయాన్ని తేలిగ్గా తీసేయకండమ్మా. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన టూరిస్టు బోటులో మన తిరుపతి వాళ్లూ ఉన్నారు. ఆ వార్త విన్న రాత్రి మా వీధిలో చాలా ఇళ్లలో టీవీ కట్టలేదు. కాకపోతే ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. రెండు కొండల మధ్య ఇరుకులో, సుడులు తిరిగే చోట జరిగిందది. పులికాట్ సంగతి వేరు. అది నది కాదు, సముద్రం పక్కన పరుచుకున్న ఉప్పునీటి సరస్సు. మన దేశంలో చిల్కా తర్వాత అంత పెద్దది ఇదే. వైశాల్యమే తప్ప లోతు లేదు. చాలా చోట్ల పెద్దవాళ్లకి నడుము దాకా కూడా రాదు.

లోతు లేదు కదా అని లైఫ్ జాకెట్ వద్దనుకునేరు. అడుగంతా బురద, కాలు దిగితే పైకి లాక్కోవడం కష్టం. పైగా పిల్లలకి నడుము లోతు అంటే ఎంత? జాకెట్లు సీటు కింద కుక్కి ఉంటే కుదరదు, ఒంటి మీద ఉండాలి. తాళ్లు బిగించి ఉండాలి. పిల్లల సైజువి లేవంటే ఆ పడవ ఎక్కొద్దు. అక్కడ మొహమాటపడకండి.

నిజం చెప్పాలంటే నీళ్లకన్నా పడవలో కూర్చున్న జనమే నన్ను ఎక్కువ భయపెడతారు. 2009 సెప్టెంబర్ 30న కేరళలో, తేక్కడి సరస్సులో, ‘జలకన్యక’ అనే రెండంతస్తుల టూరిస్టు బోటు బోల్తాపడి 45 మంది పోయారు. అక్కడ వరదా లేదు, తుపానూ లేదు. ఒడ్డున అడవి జంతువులు కనిపించగానే జనం ఒక పక్కకి చేరారు, బోటు ఒరిగిపోయింది. పులికాట్‌లోనూ అంతే, ‘అదిగో ఫ్లెమింగో’ అని ఎవరో అరిస్తే చాలు, ఫోన్లు పట్టుకుని అందరూ లేస్తారు. మీ వాళ్లకి ఇంటి దగ్గరే చెప్పండి: ఏం కనిపించినా కూర్చునే చూడాలి. అత్తమ్మగారిని మధ్యలో కూర్చోబెట్టండి. పిల్లల్ని ఇద్దరినీ ఒకే పక్క కూర్చోబెట్టకుండా మీరొకరిని, మీవారొకరిని పట్టుకోండి. ఆయనకీ ఒక పని అప్పజెప్తే టెన్షన్ తగ్గుతుంది!

పడవ ఎక్కేది తడ మండలం భీములవారిపాలెంలో. శ్రీకాళహస్తి, వరదయ్యపాలెం మీదుగా తడకి వెళ్లొచ్చు. పొద్దున్నే చేరుకునేలా బయల్దేరండి. ఎండ ఎక్కేకొద్దీ సముద్రపు గాలి లేచి నీళ్లు అల్లల్లాడతాయి, అది అత్తమ్మగారి నడుముకి మంచిది కాదు. పడవలు తిరుగుతున్నాయో లేదో ముందురోజే కనుక్కోండి. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో మాత్రం వద్దు. ఆ తోపులాటలో ఎక్కడం దిగడమే సరిపోతుంది.

ఇక పిల్లలకిచ్చిన మాట. దానికి పడవతో పనే లేదమ్మా! సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే వెళ్తుంది. అటకానితిప్ప దాకా వెళ్తూ రెండు పక్కలా చూసుకోండి. బండి రోడ్డు వారగా ఆపి, దిగకుండా అద్దాలు దించి చూస్తే పక్షులు బెదరవు. పడవలో వెళ్తే సరస్సు ఎంత విశాలమో తెలుస్తుంది, నీళ్ల మధ్య తిప్పలు (దిబ్బలు) కనిపిస్తాయి, జాలర్లు గెడ వేసుకుంటూ పోవడం కనిపిస్తుంది. పక్షులు మాత్రం రోడ్డు మీంచే బాగా కనిపిస్తాయి. పొద్దున పడవ, సాయంత్రం రోడ్డు పెట్టుకోండి. మధ్యాహ్నం ఓపికుంటే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు. అక్కడ చెరువులో చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతుంటాయి. వాటి మేత కోసం తల్లిపక్షులు ఎగిరి వచ్చేది ఈ పులికాట్‌కే. ఆ సంగతి పిల్లలకి చెప్పండి, రెండు చోట్లకీ ముడి పడుతుంది.

ప్రశ్న: మేం ఫ్రెండ్స్ కలిసి పులికాట్ వెళ్లాం. పడవతను పక్షులకి చాలా దూరంలోనే ఇంజను ఆపేశాడు. ఎగిరేటప్పుడు ఫొటో తీసుకుందామని కేక వేయబోతే కోప్పడ్డాడు. డబ్బులిచ్చింది దగ్గరగా చూడటానికే కదా, ఇది మోసం కాదా మేడమ్?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: కాదు నాయనా. అతను మళ్లీ కనిపిస్తే నా తరఫున దండం పెట్టు.

నీకు కావాల్సిన ఫొటో ఏదో నాకు తెలుసు. నిలబడి ఉన్నప్పుడు ఫ్లెమింగో తెల్లగా, ఏదో కొంచెం గులాబీ పూసినట్టుంటుంది. రెక్క విప్పితేనే లోపలి ఎరుపు, అంచున నలుపు బయటపడతాయి. అందుకే మీరంతా కేకలేసేది. ఆ పక్షి ఉన్నట్టుండి గాల్లోకి లేవలేదు, నీళ్ల మీద నాలుగడుగులు పరుగెత్తాలి. ఒక గుంపు వెళ్లాక ఇంకో పడవ, దాని వెనక ఇంకోటి. రోజంతా పరుగులే అయితే ఇక తినేదెప్పుడు? దాని తిండి కూడా తీరిగ్గా తినాల్సిందే. తల కిందులుగా వంచి, కాళ్లతో బురద కెలికి, ముక్కుతో నీళ్లు వడకట్టి నాచునీ చిన్న చిన్న రొయ్య జాతి పురుగుల్నీ ఏరుకోవాలి. నువ్వు ఫొటో తీద్దామనుకున్న ఆ రంగు కూడా ఆ తిండి వల్ల వచ్చిందే.

పైగా అది అభయారణ్యం. కేకలేయడం, రాళ్లేయడం, డ్రోన్ ఎగరేయడం చట్టం ముందు నేరం దాకా వెళ్లే పనులు. ఇంజను ఆపేశాక ఓ పావుగంట ఊరికే కూర్చుని ఉంటే వాటంతట అవే ఒక చోటి నుంచి ఇంకో చోటికి లేస్తాయి. బైనాక్యులర్స్ ఎవరి దగ్గరైనా అప్పు తీసుకో. గుంపులో బూడిద రంగువి కనిపిస్తే వేరే పక్షులనుకోకు, అవి ఇంకా రంగు రాని పిల్లలు.

ప్రశ్న: మే నెలలో వెళ్తే అటకానితిప్ప వైపు పగుళ్లిచ్చిన నేల తప్ప నీళ్లే లేవు. సరస్సు ఎండిపోతోందా?
– ఒక ఉద్యోగి, శ్రీకాళహస్తి

జవాబు: ఎండాకాలం ఉత్తరం వైపు అలా అవ్వడం మామూలే. లోతు లేని నీళ్లు మన ఎండలకి ఎంతకాలం ఆగుతాయి! అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు పడి కాళంగి, ఆరణి నదులు పారితే మళ్లీ నిండుతుంది. పిచ్చాటూరు ప్రాజెక్టు చూసుంటారు, ఆ ఆరణియార్ చివరికి కలిసేది ఇందులోనే.

మామూలు కాని సంగతి ఇంకోటి ఉంది. సముద్రంలోకి తెరుచుకునే మొగలు ఇసుకతో పూడిపోతున్నాయి. పోటు నీళ్లు లోపలికి రాకపోతే చేపా రొయ్యా రావు, ఉప్పదనం లెక్క తప్పుతుంది. మీకు పడవ షికారు తగ్గుతుంది, జాలరికి కూడు తగ్గుతుంది. పూడిక తీయాలని అక్కడివాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. మీరు మాత్రం నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి లోపల వెళ్లండి.

ప్రశ్న: పడవలో తినడానికి ఏం తీసుకెళ్లాలి?
– పుత్తూరు పాఠకురాలు

జవాబు: ఏమీ వద్దు. కాసేపు నోరు కట్టేసుకోలేమా! తాగే నీళ్ల సీసా చాలు, ఖాళీది ఇంటికి తెచ్చుకోండి. చిప్స్ ప్యాకెట్ ఆ గాలికి చేతిలో నిలవదు. ఎక్కే ముందే బాత్రూమ్ పని చూసుకోండి, పడవలో ఉండదు. భోజనం సూళ్లూరుపేటలో.