అనుకరణా? పోలికా?

సందేహం: మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అంటే మన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పొరను దెబ్బతీసే జబ్బు. దాని మీద ఒక తెలుగు వ్యాసంలో 'మాలిక్యులర్ మిమిక్రీ'ని (వైరస్ ప్రోటీన్ ముక్క మన ప్రోటీన్‌లాగే ఉండటాన్ని) 'అణు అనుకరణ' అన్నారు. 'వైరస్ మన మెదడు ప్రోటీన్లను అనుకరిస్తుంది' అని కూడా రాశారు. ఇది సరైన వాడుకేనా?

సమాధానం: వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ అర్థం ఒప్పుకోదు.

ముందు 'అణు' సంగతి. మన సైన్సు పుస్తకాల్లో మాలిక్యూల్ అంటే అణువు, ఆటమ్ అంటే పరమాణువు, సరే. కానీ పేపర్లలో అణుబాంబు, అణువిద్యుత్తు చదివి చదివి ఉన్నాం కదా, 'అణు అనుకరణ' అనగానే ఎవరో బాంబు రిహార్సల్ చేస్తున్నారేమో అనిపిస్తుంది. పైగా యణాదేశ సంధి చేసి 'అణ్వనుకరణ' అన్నారో, ఇక పలికినట్టే!

అసలు చిక్కు 'అనుకరణ'తో. అది ఒకరిని చూసో వినో, కావాలని అలాగే చేయడం. నేరెళ్ల వేణుమాధవ్ గారిది ధ్వన్యనుకరణ: ఎదుట ఒక గొంతు ఉంది, దాన్ని పట్టుకోవాలన్న పట్టుదలా ఉంది. వైరస్‌కి ఈ రెండూ లేవు. 1985లో శాస్త్రవేత్తలు ఫుజినామి, ఓల్డ్‌స్టోన్ చూపించింది ఏమిటంటే, హెపటైటిస్-బి వైరస్ ప్రోటీన్ ఒకదానిలో వరసగా ఉన్న ఆరు అమైనో ఆమ్లాలు కుందేలు మయెలిన్ (నరాల చుట్టూ ఉండే పొర) ప్రోటీన్‌లోని ఆరింటితో సరిపోయాయి, ఆ వైరస్ ముక్కను ఎక్కిస్తే కొన్ని కుందేళ్ల నాడీవ్యవస్థలో వాపు కనిపించింది. 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎంఎస్ రోగి వెన్నుపాము ద్రవం నుంచి తీసిన ఒక యాంటీబాడీ అయితే, ఎప్‌స్టీన్-బార్ వైరస్‌లోని ఎబ్నా-1 అనే ప్రోటీన్‌నీ పట్టుకుంది, మెదడులోని ప్రోటీన్ గ్లియల్‌క్యామ్‌నీ పట్టుకుంది. ఇందులో వైరస్ నటించిందేమీ లేదు, పొరబడింది మన రోగనిరోధక వ్యవస్థే.

ఇలాంటి దానికి మన ఇళ్లలో మాట ఉంది. పసివాణ్ని చూసి 'అచ్చం మేనమామ పోలిక' అంటాం, మేనమామను అనుకరిస్తున్నాడని అనం. అందుకే 'వైరస్ ప్రోటీన్‌లో ఒక ముక్క మెదడు ప్రోటీన్‌ను పోలి ఉండటంతో' అని రాస్తే చాలు. 1964లో డామియన్ అనే శాస్త్రవేత్త 'మాలిక్యులర్ మిమిక్రీ' అన్న ఇంగ్లీషు మాట వాడింది పరాన్నజీవుల గురించి. తాము బతుకుతున్న శరీరం పోలికతోనే దాక్కునే జీవులవి, అక్కడ 'అనుకరణ' అంటే నేను పెద్దగా అభ్యంతరం చెప్పను.

అదే వ్యాసంలో 'స్వీయ రోగనిరోధక వ్యాధి' (ఆటోఇమ్యూన్ డిసీజ్, అంటే మన రోగనిరోధక వ్యవస్థ మన మీదే తిరగబడే జబ్బు) కూడా ఉండే ఉంటుంది. తనను తానే ఆపుకునే రోగమేమో అనిపిస్తుంది చదివితే. ఆటోఇమ్యూన్ అనే రాసెయ్యండి, డాక్టరు దగ్గర అందరూ అనేది అదే.