కొట్టు పర్లాకిమిడిలో, ఇల్లు పాతపట్నంలో: రిటర్ను ఎక్కడ వేయాలి, ఎంత చూపాలి?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది పాతపట్నం. ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో అద్దె గదిలో బట్టల కొట్టు నడుపుతున్నాను. వెనక రెండు మిషన్లు వేసి జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుట్టిస్తాను. పాన్, ఆధార్ రెండూ ఆంధ్ర అడ్రసుతో ఉన్నాయి. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మొత్తం రాబడి 34 లక్షలు. అందులో కుట్టుకూలి 3 లక్షలు. యూపీఐలో వచ్చింది 21 లక్షలు, మిగతాది నగదు. అన్నీ పోను నెలకు 35 వేలు మిగిలింది. అంతకు ముందు రెండేళ్లు 30 వేల చొప్పున మిగిలేది. ఆంధ్రలోని మెళియాపుట్టి వైపు చిన్న కొట్లకు అప్పుడప్పుడు ఆటోలో మూటలు పంపుతాను. జీఎస్టీ లేదు, రిటర్ను ఎప్పుడూ వేయలేదు. 8 లక్షల అప్పు కోసం వెళితే బ్యాంకులో మూడేళ్ల రిటర్నులు అడిగారు. ఒకాయన మూడేళ్లవీ ఒకేసారి వేసిపెడతానంటున్నాడు. 7 లక్షల దాకా పన్ను లేదు కాబట్టి ఏడాదికి 6 లక్షల 90 వేలు చూపిద్దామంటాడు. ఒప్పుకోవచ్చా? రిటర్ను ఆంధ్రలో వేయాలా, ఒడిశాలోనా?

జవాబు (2025 డిసెంబరు 31 కి ముందు రాసినది, గడువులూ నియమాలూ అప్పటివి): ముందు సరిహద్దు సంగతి తేల్చుకుందాం. ఆదాయపు పన్ను కేంద్రానిది. అందులో ఆంధ్ర రిటర్ను, ఒడిశా రిటర్ను అని రెండు ఉండవు. పాతపట్నం ఇంట్లోంచి వేసినా, పర్లాకిమిడి కొట్లోంచి వేసినా పోర్టల్ ఒక్కటే, లెక్క చూసేది బెంగళూరులోని సీపీసీయే (రిటర్నులు పరిశీలించే ఆదాయపు పన్ను శాఖ కేంద్రం). పాన్‌లో ఇంటి అడ్రసు ఉన్నందువల్ల ఇబ్బందేమీ లేదు. జీఎస్టీ మాత్రం అలా కాదు. దానికి సరుకు ఏ రాష్ట్రం నుంచి కదిలిందన్నదే మొదటి ప్రశ్న. మీకు అసలు చిక్కు అక్కడే ఉంది, మీరు అడగకపోయినా చెప్పక తప్పదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పన్ను లేకపోవడం వేరు, రిటర్ను వేయనక్కర లేకపోవడం వేరు. చాలామంది ఈ రెంటినీ కలిపేసుకుంటారు. నెలకు 35 వేలంటే ఏడాదికి 4 లక్షల 20 వేలు. 2024-25 కి కొత్త విధానంలో (రేట్లు తక్కువ, మినహాయింపులు దాదాపు లేని పద్ధతి) 3 లక్షలు దాటితే రిటర్ను తప్పనిసరి. పైనున్న 1 లక్షా 20 వేల మీద 5 శాతం చొప్పున పన్ను 6 వేలు అవుతుంది. ఆదాయం 7 లక్షలు దాటలేదు కాబట్టి సెక్షను 87ఏ రిబేటు (పన్ను తగ్గింపు) కింద ఆ 6 వేలూ పోతాయి. కట్టాల్సిన పన్ను సున్నా, వేయాల్సిన బాధ్యత మాత్రం ఉంది.

ఆ ఏటి గడువు 2025 సెప్టెంబరు 16 తో ముగిసింది. ఆలస్యపు రిటర్నుకు 2025 డిసెంబరు 31 వరకు వీలుంది, కాబట్టి ఈ ఒక్క ఏడాదిది ఇప్పుడే వేసేయండి. సెక్షను 234ఎఫ్ కింద ఆలస్యపు రుసుము మీకు వెయ్యి రూపాయలు. ఆదాయం 5 లక్షలు దాటిందని చూపితే అదే 5 వేలవుతుంది. గడువు దాటింది కాబట్టి పాత విధానం ఎంచుకునే అవకాశం వ్యాపారులకు ఉండదు, ఎల్ఐసీ ప్రీమియాల్లాంటి మినహాయింపుల కోసం వెతకొద్దు.

ఫారం ఐటీఆర్-4. మీరు సెక్షను 44ఏడీ కిందికి వస్తారు. ఏడాది రాబడి 2 కోట్ల లోపు ఉన్న చిన్న వ్యాపారి పూర్తి పద్దు పుస్తకాలు, ఆడిట్ లేకుండా రాబడిలో ఒక శాతాన్ని లాభంగా చూపే ఏర్పాటు అది. నగదు రాబడి మీద 8 శాతం, బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన దాని మీద 6 శాతం. మీకు 13 లక్షల నగదు మీద 1,04,000, 21 లక్షల మీద 1,26,000, మొత్తం 2,30,000. ఇది చూసి "3 లక్షల లోపే కదా, రిటర్నే అక్కర్లేదు" అనేవాళ్లు దొరుకుతారు. అది తప్పు. చట్టం ఇచ్చిన శాతాలు కనీసపు మెట్టు. అంతకన్నా ఎక్కువ సంపాదించానని మీరే చెబుతున్నారు, కాబట్టి ఆ ఎక్కువ మొత్తం, అంటే 4,20,000, చూపాలి. అద్దె, కూలీలు, కరెంటు అన్నీ అందులో పోయినట్టే, మళ్లీ విడిగా తీయకూడదు. కమీషను ఏజెన్సీ, బ్రోకరేజీ ఆదాయానికి మాత్రం 44ఏడీ వర్తించదు. అలాంటిది కొంచెం ఉన్నా వేరే ఫారం కావాలి.

34 లక్షలన్న అంకె నిలబడేదేనా అన్నది వేసేముందే తేల్చుకోవాలి. బ్యాంకు స్టేట్‌మెంటు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు తీసి, జమ అయిన ప్రతి వరస పక్కనా అమ్మకమో, చేబదులో, చీటీ డబ్బో, ఇంట్లోవాళ్లు పంపిందో రాయండి. యూపీఐలో పడ్డ ప్రతి రూపాయీ అమ్మకం కాదు. అలాగే నగదు అమ్మకం జ్ఞాపకం మీద చెప్పేది కాదు. రోజువారీ పుస్తకం లేకపోతే సరుకు లెక్కతో సరిచూడవచ్చు: ఏడాది మొదట్లో ఉన్న సరుకుకు ఏడాది కొనుగోళ్లు కలిపి, చివర మిగిలిన సరుకు తీసేస్తే అమ్ముడైన సరుకు ధర వస్తుంది. ఉదాహరణకు మొదట 6 లక్షల సరుకు, కొనుగోళ్లు 26 లక్షలు, చివర 5.5 లక్షలు అనుకుందాం. అమ్ముడైంది 26.5 లక్షలు. 34 లోంచి అది పోగా 7.5 లక్షలు. అద్దె 96 వేలు, కుట్టేవాళ్లకు 1.8 లక్షలు, కరెంటు, రవాణా, చిల్లర ఖర్చులు 54 వేలు తీస్తే 4.2 లక్షలు. మీ అసలు బిల్లులతో ఈ లెక్క కుదిరితే అంకె గట్టిది. కుదరకపోతే ఎక్కడో అమ్మకం వదిలేశారు, లేదా కొట్టు డబ్బు ఇంటి ఖర్చులోకి వెళ్లిపోయింది.

తర్వాత పోర్టల్లో ఏఐఎస్, 26ఏఎస్ (మీ పాన్ మీద శాఖకు అందిన సమాచారం చూపే పట్టికలు) తెరిచి చూడండి. సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలు, కరెంటు ఖాతాలో 50 లక్షలు నగదు జమ అయితే బ్యాంకు ఆ సమాచారం శాఖకు పంపుతుంది. డిపాజిట్ వడ్డీ కూడా అక్కడ కనబడుతుంది. దాన్ని ఇతర ఆదాయంలో కలపాలి, మరిచిపోతే సరిచేస్తూ నోటీసు వస్తుంది.

ఐటీఆర్-4 లో సరుకు నిల్వ, రావలసిన అరువులు, ఇవ్వాల్సిన బాకీలు, చేతిలో నగదు అడిగే గడులుంటాయి. ఎక్కువమంది నోటికొచ్చిన అంకె వేసేది అక్కడే. బ్యాంకు అధికారి మొదట చూసేదీ అక్కడే. 34 లక్షలు అమ్మే బట్టల కొట్టులో సరుకు 40 వేలని రాసి ఉంటే ఆ రిటర్నును ఆయన నమ్మడు. మార్చి 31 నాటి అసలు నిల్వ రాయండి.

రుసుము కట్టేటప్పుడు అసెస్‌మెంటు సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) 2025-26 ఎంచుకోండి, పద్దు 300, అంటే సెల్ఫ్ అసెస్‌మెంట్. 2024-25 ని నొక్కేసి వేరే ఏడాదికి జమ చేసుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. పంపిన 30 రోజుల్లోపు ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి. అది దాటితే ధ్రువీకరించిన రోజే రిటర్ను వేసిన రోజవుతుంది, డిసెంబరు 31 దాటిపోతే మీ శ్రమ వృథా. కాబట్టి ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు ఇప్పటికీ పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి. ఖాతాలో ఫోను, ఈమెయిలు మీవే ఉండాలి, వేసిపెట్టే ఆయనవి కాదు. లోపమున్న రిటర్నుకు సెక్షను 139(9) నోటీసు వస్తే బదులివ్వడానికి 15 రోజులే. అది ఆయన ఫోనుకు వెళితే మీకు తెలిసేసరికి గడువు పోతుంది.

ఇక మూడేళ్ల సంగతి. 2022-23, 2023-24 లకు మామూలు, ఆలస్యపు గడువులు రెండూ అయిపోయాయి. మిగిలిన దారి ఐటీఆర్-యు (గడువులన్నీ దాటాక వేసే రిటర్ను), అసెస్‌మెంటు సంవత్సరం ముగిసిన 48 నెలల వరకు ఉంటుంది. పన్ను, వడ్డీల మీద అదనంగా మొదటి 12 నెలల్లో 25 శాతం, ఆ తర్వాత వరుసగా 50, 60, 70 శాతం కట్టాలి. నష్టం చూపడానికి, రీఫండు అడగడానికి అది పనికిరాదు. మీకు నెలకు 30 వేల చొప్పున ఏడాదికి 3.6 లక్షలు. రిబేటు తర్వాత ఆ రెండేళ్లకూ పన్ను సున్నా. రిటర్ను వేయకపోవడం లోటే, కానీ పన్ను 10 వేలు దాటని చోట సెక్షను 276సీసీ కింద క్రిమినల్ కేసు ఉండదు, ఆ భయం వదిలేయండి.

ఆయన చెప్పిన 6,90,000 చూపితే ఏమవుతుందో చూడండి. 7 లక్షల రిబేటు 2023-24 నుంచే వచ్చింది. 2022-23 లో అది 5 లక్షల వరకే. కొత్త విధానం కావాలని చెప్పే ఫారం 10-ఐఈ గడువులో ఇవ్వలేదు కాబట్టి ఆ ఏటికి మీకు పాత విధానమే. మినహాయింపులు లేకపోతే పన్ను 50,500, సెస్సుతో 52,520. పైన వడ్డీ, 5 వేల రుసుము, ఆ పన్ను వడ్డీల మీద మళ్లీ 50 శాతం. రాని ఆదాయానికి, వడ్డీ కలపకముందే 80 వేలకు పైగా కడతారన్నమాట. మూడు రిటర్నుల రసీదుల మీదా ఒకే వారం తేదీలు ఉంటాయి, బ్యాంకులో అది ఎవరి కంటికైనా ఆనుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, రిటర్ను చివర "ఇది నిజం" అని ధ్రువీకరించేది మీరు. తెలిసి తప్పు రాస్తే శిక్షించడానికి సెక్షను 277 ఉంది. ఆ కాగితంతో అప్పు తీసుకుంటే బ్యాంకు మోసం కేసు పెట్టవచ్చు. అప్పుడు ఆయన మీ పక్కన నిలబడడు. ఆయనకు ఒక్క రూపాయి ఇవ్వకండి.

బ్యాంకుతో మాట్లాడే పద్ధతి వేరు. 5 నుంచి 10 లక్షల మధ్య అప్పు, చిన్న వ్యాపారులకిచ్చే ముద్ర పథకంలో తరుణ్ వర్గానికి వస్తుంది. తాజా రిటర్ను ఒకటి, 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, కొనుగోలు బిల్లులు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు), జీఎస్టీ కాగితాలు చూపి పరిశీలించమని రాతపూర్వకంగా అడగండి. ఉద్యమ్ పూర్తిగా ఉచితం, డబ్బడిగేవాళ్ల దగ్గర చేయించకండి.

జీఎస్టీ కాగితాలన్నాను కదా. ఒడిశాలో సరుకు అమ్మేవాళ్లకు 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని మీరు నిశ్చింతగా ఉన్నట్టున్నారు. ఆ 40 లక్షలు కేవలం సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు. కుట్టుకూలి సేవ కిందికి వస్తుంది. సేవ కలిసిందంటే హద్దు 20 లక్షలే, మీరు 34 లో ఉన్నారు. పైగా మెళియాపుట్టికి పంపే ప్రతి మూటా అంతర్రాష్ట్ర అమ్మకం. దానికి సెక్షను 24 ప్రకారం రాబడి ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పదు. కౌంటరు దగ్గరికి వచ్చి కొనుక్కెళ్లే పాతపట్నం వాళ్ల సంగతి వేరు: రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు అడ్రసు బిల్లులో రాయకపోతే అది ఒడిశా అమ్మకం, ఆంధ్ర అడ్రసు రాస్తే అంతర్రాష్ట్రం. 2023 అక్టోబరు 1 నుంచి ఇదే నియమం.

కాగితాలు సులువుగా దొరుకుతాయని పాతపట్నం ఇంటి పేరున రిజిస్ట్రేషన్ తీసుకోకండి. సరిహద్దు ఊళ్లలో ఈ తప్పు చేసి ఇరుక్కునేవాళ్లు ఎక్కువ. సరుకు కదిలేది పర్లాకిమిడి కొట్టు నుంచి, కాబట్టి 21 తో మొదలయ్యే ఒడిశా నంబరే కావాలి. 37 తో మొదలయ్యే ఆంధ్ర నంబరు దాన్ని కప్పదు. కొట్టు యజమానితో అద్దె ఒప్పందం, ఆయన కరెంటు బిల్లు సిద్ధం చేసుకోండి.

మూటలు పంపడం మానేస్తే కాంపోజిషన్ పథకం మీకు నప్పుతుంది: రాబడి మీద 1 శాతం, కుట్టుకూలి 5 లక్షల లోపే ఉంది కాబట్టి అడ్డం రాదు, మూడు నెలలకోసారి 18వ తేదీలోపు పన్ను కట్టే పత్రం సీఎంపీ-08, ఏడాదికి ఒక రిటర్ను జీఎస్టీఆర్-4 జూన్ 30 లోపు. బిల్లులో పన్ను వేయకూడదు, కొన్న సరుకు మీద కట్టిన పన్నును తగ్గించుకునే క్రెడిట్ రాదు. మూటలే ముఖ్యమనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్. రెండూ కుదరవు. నా మాట అడిగితే, ఆ మూటల వల్ల ఏడాదికి నికరంగా ఎంత మిగులుతోందో కాగితం మీద వేసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

హద్దు దాటిన 30 రోజుల్లో దరఖాస్తు చేయాల్సింది, అది దాటిపోయింది. గడిచిన కాలానికి పన్ను, 18 శాతం వడ్డీ, 10 వేలు లేదా ఎగ్గొట్టిన పన్ను, రెంటిలో ఏది ఎక్కువైతే అంత జరిమానా అడిగే అధికారం శాఖకు ఉంది. 20 లక్షలు ఏ నెలలో దాటిందో బ్యాంకు స్టేట్‌మెంటుతో గుర్తించి, ఒడిశా జీఎస్టీ పని తెలిసిన ప్రాక్టీషనరు దగ్గరికి ఆ కాగితంతో వెళ్లండి. నోటీసు రాకముందే మీ అంతట మీరు వెళ్లడం మేలు.

జీఎస్టీ వచ్చాక అక్కడి రాబడి, ఐటీఆర్-4 లోని రాబడి ఒకే అంకె కావాలి, ఆ ఫారంలోనే జీఎస్టీ రాబడి అడిగే గడి ఉంది. 44ఏడీలోకి ఒకసారి వచ్చాక వచ్చే ఐదేళ్లలో ఎప్పుడైనా 6, 8 శాతాల కన్నా తక్కువ లాభం చూపితే, ఆ తర్వాత ఐదేళ్లు ఈ సదుపాయం దొరకదు. ఆ ఏళ్లలో ఆదాయం పన్ను లేని హద్దు దాటితే పద్దు పుస్తకాలు, ఆడిట్ కూడా తప్పవు. 2025-26 కి ఆ హద్దు 4 లక్షలయింది, రిబేటు 12 లక్షల వరకు పెరిగింది. ఈ ఏడూ నెలకు 35 వేలే మిగిలినా మీరు 4 లక్షలు దాటుతారు, రిటర్ను మళ్లీ వేయాల్సిందే. అందుకని ఈ రోజు నుంచే కొట్లో ఒక పుస్తకం పెట్టి, రాత్రి షట్టరు దించేముందు నగదు అమ్మకం, యూపీఐ అమ్మకం, కుట్టుకూలి మూడు గళ్లలో రాయండి.