జాకెట్లు ఇప్పుడే కుట్టించుకోండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. చెన్నై పెరంబూర్‌లో ఉంటాం. రెండో కాన్పు తర్వాత బాగా ఒళ్లు చేశాను. షుగర్ కోసం చేసే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీలో 6.1 వచ్చింది, షుగర్ అంచున ఉన్నానన్నారు డాక్టర్. అందరూ నన్నే చూస్తారని పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. సన్నబడ్డాకే కొత్త జాకెట్లు అనుకుంటున్నా. ఉన్న ఒంటిని ఒప్పుకుంటే బద్ధకం పెరగదా?

జవాబు: పెరగదమ్మా. ముందు ఇప్పటి కొలతలతోనే జాకెట్లు కుట్టించుకోండి. చంకల దగ్గర పట్టేసే జాకెట్టుతో గడప దాటాలని ఎవరికి అనిపిస్తుంది? పెళ్లిలో ఎవరైనా 'లావయ్యావే' అంటే 'అవును పిన్నీ, భోజనం చేశారా?' అని అడగండి, చాలు. ఒంటి మీద కోపంతో డైటింగ్ మొదలుపెట్టినవాళ్లను చాలామందిని చూశాను. పగలంతా కడుపు మాడ్చుకుంటారు, పిల్లలు పడుకున్నాక మురుకుల డబ్బా మూత తీస్తారు. ఆ తర్వాత మళ్లీ తమను తామే తిట్టుకుంటారు. నాకు నిజంగా బాధేస్తుంది.

మీ చెన్నై డాక్టర్లే 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. షుగర్ అంచున ఉన్న 531 మందిని దాదాపు మూడేళ్లు గమనించారు. తిండి, నడక సరిచేసుకున్నవాళ్లలో షుగర్ వచ్చే ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. వాళ్ల బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు! కాటా చూసి దిగులుపడే ప్రతి ఒక్కరికీ ఈ మాట చెబుతుంటాను.

వారానికి 150 నిమిషాలు నడవండి, మురసొలి మారన్ పార్కు మీకు దగ్గరే. నాలుగు ఇడ్లీలు రెండు చేసి, కూరగాయల సాంబారు, ఒక గుడ్డు లేదా గుప్పెడు సుండల్ (గుగ్గిళ్లు) చేర్చుకోండి. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి, మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేయించి డాక్టర్‌కు చూపించండి.