900 రూపాయల రౌటర్‌కి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించొచ్చా?

ప్రశ్న: నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపులో 900 పెట్టి వైఫై రౌటర్ కొన్నాను. అట్టపెట్టె మీద ఒక పేరు, వెనక స్టిక్కర్ మీద ఇంకో పేరు, సెట్టింగ్స్ తెరిస్తే మూడో పేరు. రెండు రోజులకోసారి నెట్ ఆగిపోతుంది, తీసి పెడితేగానీ రాదు. అప్‌డేట్ కోసం వెతికితే అసలు ఆ కంపెనీకి సైటే లేదు. మా బావమరిది ‘ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వెయ్యి బావా, కొత్తదైపోద్ది’ అంటున్నాడు. వెయ్యమంటారా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: మీ బావమరిది చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పాడు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అంటే రౌటర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) స్థానంలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. ముందు అడాప్టర్ మార్చి చూడండి. ఈ చవక డబ్బాల్లో సగం రోగం అక్కడే ఉంటుంది. వోల్టేజ్ అంతే ఉండి, ఆంపియర్లు అంతే లేదా కాస్త ఎక్కువ ఉన్నది ఎవరింట్లోనైనా అడిగి తెచ్చి ఒక వారం నడపండి. రౌటర్ ఫ్రిజ్ మీదో, అటక మీదో ఉంటే కిందికి దించండి. మే నెలలో మన కందుకూరు ఎండకి మనుషులే హ్యాంగ్ అవుతారు, దానిదేముంది.

అయినా ఆగిపోతుంటే అప్పుడు ఫర్మ్‌వేర్ సంగతి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఈమధ్య పుట్టిందేం కాదు. లింక్‌సిస్ వాళ్ల డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్‌లో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉందని తేలడంతో, దాని లైసెన్సు ప్రకారం 2003లో సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత) బయట పెట్టాల్సి వచ్చింది. దాని మీదే 2004లో ఇది మొదలైంది, పేరులో ఆ డబ్ల్యూఆర్‌టీ అక్కడిదే. మీదానిలాంటి దిక్కులేని రౌటర్లు చాలావాటికి ఇప్పటికీ అప్‌డేట్లు ఇస్తున్నారు ఈ ప్రాజెక్టు వాళ్లు.

మరి మీదానికి సరిపోతుందా అంటే, ఆ మూడు పేర్లూ పక్కన పెట్టి మూత తీయండి. స్క్రూలు రబ్బరు కాళ్ల కిందో, స్టిక్కర్ కిందో దాక్కుని ఉంటాయి. బోర్డు మీద పెద్ద చిప్ ఏదో చూడండి (రేకు మూత ఉంటే దాని కింద). మీడియాటెక్ ఎంటీ7628, ఎంటీ7621 లాంటివైతే అదృష్టం. రియల్‌టెక్ ఆర్‌టీఎల్8196 రకమైతే మూత పెట్టేయండి, దానితో కుస్తీ పట్టడం దండగ. పక్కనే ఎనిమిది కాళ్ల బుల్లి చిప్ ఒకటి ఉంటుంది, ఫర్మ్‌వేర్ దాచి ఉంచే ఫ్లాష్ మెమరీ అంటే అదే. సెల్‌ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేస్తే దాని మీది అంకెలు కనపడతాయి: 25క్యూ32 అని ఉంటే 4 ఎంబీ, 25క్యూ64 అయితే 8, 25క్యూ128 అయితే 16. ఆ 32, 64 మెగాబిట్లు, ఎనిమిదితో భాగించాలి. చాలామంది ఇక్కడే 32 ఎంబీ ఉందనుకుని సంబరపడతారు. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్నవాటిని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎప్పుడో వదిలేసింది. 8, 64 ఉంటే ఇరుగ్గా నడుస్తుంది, 16, 128 ఉంటే హాయి.

మోడల్ పేరు ఒకటే కదా అని కూడా నమ్మొద్దు. టీపీ-లింక్ డబ్ల్యూఆర్841ఎన్‌నే తీసుకోండి, 13వ వెర్షన్‌లో 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ ఉంటే తర్వాత వచ్చిన 14లో 4, 32కి తగ్గించేశారు. పేరున్న కంపెనీలోనే ఇలా ఉంటే పేరు అతికించి అమ్మే సరుకు సంగతి చెప్పేదేముంది. అందుకే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సైట్‌లోని హార్డ్‌వేర్ పట్టికలో మీ బోర్డు, వెర్షన్‌తో సహా దొరికితేనే ముందుకెళ్లండి. చిప్ ఒకటేనని వేరే మోడల్ ఫైలు వేస్తే ఒక్కోసారి ఎక్కుతుంది, కానీ ల్యాన్ పోర్టులు (కంప్యూటర్ కేబుల్ పెట్టేవి) తారుమారవుతాయి, లేదంటే వైఫై రాదు.

ఎక్కించే ముందు పాత ఫ్లాష్ మొత్తం కాపీ తీసి పెట్టుకోండి. మీడియాటెక్‌లో ‘ఫ్యాక్టరీ’ అనే భాగంలో మీ రౌటర్ మ్యాక్ నంబరు (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు), వైఫై రేడియోకి సరిచేసిన కొలతలు ఉంటాయి. అది చెరిగితే పక్కింటివాళ్ల ఫర్మ్‌వేర్ తెచ్చినా వైఫై సరిగ్గా రాదు. ఆ పని తెలియకపోతే సెల్‌ఫోన్లు రిపేరు చేసే కుర్రాళ్లని అడగండి, క్లిప్ పెట్టి చిప్ చదివే ప్రోగ్రామర్ చాలామంది దగ్గర ఉంటుంది.

ల్యాన్ కేబుల్‌తోనే ఎక్కించండి, వైఫై మీద వద్దు. రౌటర్‌నీ కంప్యూటర్‌నీ ఇన్వర్టర్ మీద పెట్టండి. నేను ఒంగోలులో ఒక మధ్యాహ్నం ‘రెండు నిమిషాల పనే కదా’ అని మొదలుపెడితే సరిగ్గా సగంలో కరెంటు పోయింది. లైటు ఒకటి వెలిగి అలాగే ఉండిపోయింది, కంప్యూటర్ నుంచి పింగ్ చేసి పలకరిస్తే జవాబు లేదు, ఏం లేదు. చివరికి బోర్డు మీద మూడు రంధ్రాలకి సీరియల్ వైర్లు (కంప్యూటర్ నేరుగా బోర్డుతో మాట్లాడేవి) సోల్డరింగ్ చేసి, టీఎఫ్‌టీపీతో (కేబుల్ మీద ఫైలు పంపే పద్ధతి) మళ్లీ ఎక్కించేసరికి ఆదివారం కాస్తా అయిపోయింది. మీకు ఆ అవసరం వస్తే 3.3 వోల్టుల సీరియల్ అడాప్టరే వాడండి, 5 వోల్టులది పెడితే చిప్ పోవచ్చు.

కొత్తది ఎక్కాక వైఫై కనపడకపోతే టెన్షన్ పడొద్దు, మామూలుగా అది ఆపేసే వస్తుంది. కేబుల్ పెట్టి బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి, ముందు పాస్‌వర్డ్ పెట్టి, తర్వాత వైఫై ఆన్ చేసుకోవాలి. విప్పినప్పుడు 25క్యూ32 కనపడితే మాత్రం ఇంత శ్రమ వద్దు, ఆ 900 పోయాయనుకుని ఈసారి పట్టిక చూసి కొనండి.

ప్రశ్న: ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చిన డబ్బాకి కూడా ఇదే చెయ్యొచ్చా?
– ఒక పాఠకురాలు, పొదిలి

జవాబు: వద్దండీ. అది ఉత్త రౌటర్ కాదు, ఫైబర్ వెలుతురుని నెట్‌గా మార్చే ఓఎన్‌టీ. దాన్ని అవతలి వైపు నెట్ కంపెనీ వాళ్లు గుర్తుపట్టేది ఎక్కువగా సీరియల్ నంబరుతోనే, అది పోతే నెట్ రాదు. పైగా చాలాచోట్ల ఆ డబ్బా వాళ్లదే, మీది కాదు. దాని ల్యాన్ పోర్టు నుంచి వైరు తెచ్చి మీ సొంత రౌటర్ వ్యాన్ పోర్టులో (బయటి నెట్ లోపలికి వచ్చేది) పెట్టుకోండి. రెండిటికీ 192.168.1.1 అనే ఒకే అడ్రస్ ఉంటే కొట్టుకుంటాయి, మీదాన్ని 192.168.2.1కి మార్చండి.