రాత్రిపూట ఆకలి లేకున్నా తినడం: డబ్బా మూతతో నా అనుభవం

మీరు రాసింది ఇది: పగలంతా ఆఫీసులో ఎవరేమన్నా పడి ఉంటారు. రాత్రి పదకొండుకు హాస్టల్ గదికి చేరాక ఆకలి లేకపోయినా బిర్యానీ తెప్పించుకుంటారు, ఆపైన చిప్స్ ప్యాకెట్టు కూడా ఖాళీ చేస్తారు. తర్వాత మీ మీద మీకే అసహ్యం వేసి, మర్నాడు సాయంత్రం దాకా పస్తుంటారు. మనసును గట్టి చేసుకోవడం ఎలా అని అడిగారు. మనసు సంగతి నేను చెప్పలేను గానీ జంతికల డబ్బా సంగతి బాగా చెప్పగలను.

మాది కాకినాడ. మా మావయ్య గారు పక్షవాతం వచ్చి రెండేళ్లకు పైగా మంచంలోనే ఉన్నారు. ఒళ్లు తుడవడం, మందులు వేయడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టడం, అన్నీ ఎక్కువగా నేనే చూసుకునేదాన్ని. చూడడానికి వచ్చే చుట్టాలు ఒట్టి చేతులతో రారు కదా. ఆయనకు చక్కెర జబ్బని తెలిసి కూడా కాజాలు తెచ్చేవారు. గొట్టం కాజాలు, మడత కాజాలు, యాపిల్ పళ్లు, హార్లిక్స్ సీసాలు. పళ్లు అత్తయ్య తినేవారు. మిగిలినవి ఎవరి కడుపులోకి వెళ్లాయో మీరే ఊహించుకోండి.

రాత్రి పదిన్నరకు ఇల్లంతా సద్దుమణిగాక వంటింట్లోకి వెళ్లేదాన్ని. లైటు వేసేదాన్ని కాదు. స్టీలు డబ్బా మూత తీస్తే చప్పుడవుతుందని, మూత మీద మసిగుడ్డ కప్పి, బొటనవేలితో ఒక పక్క నుంచి మెల్లగా లేపడం నేర్చుకున్నాను. అంత పనితనం నాకు ఇంకే పనిలోనూ అబ్బలేదు. కొరికితే శబ్దమవుతుంది కాబట్టి జంతిక ముక్కను నోట్లో పెట్టుకుని, నానే దాకా ఆగి నమిలేదాన్ని. అదీ నిలబడే. కూర్చుని తింటే భోజనం కింద లెక్క, నిలబడి తింటే లెక్కలోకి రాదని నాకు నేనే చెప్పుకున్నాను. "మన ఇంట్లో పిల్లి పాపం, తిన్నాక మూత కూడా పెట్టి వెళ్తుంది" అని ఒకరోజు అత్తయ్య అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ రాత్రి ఇంకో నాలుగు ఎక్కువ తిన్నాను.

ఏడాదిన్నరలో 64 కిలోల నుంచి 75కి వచ్చాను. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే మధుమేహం గడప దాకా వచ్చిందని అర్థం. తీపి మానేసి నడవమని డాక్టరు గారు చెప్పారు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఆ సంగతి నాకు అంతకుముందే తెలుసు, అంతే.

అందరిలాగే నేనూ మొదట డబ్బా మీదే పడ్డాను. ఇంట్లో చిరుతిళ్లు ఉండకూడదన్నాను. జంతికలు లేకపోతే వేరుశనగ గుళ్లూ బెల్లం. అవీ లేకపోతే హార్లిక్స్ పొడి, చెంచాతో. ఒక రాత్రి ఏమీ దొరకక ఉప్మా రవ్వ వేయించి, పంచదార కలుపుకుని తిన్నాను. గొంతుకు అడ్డం పడుతున్నా తిన్నాను. రుచి కోసం తినే మనిషి అలా తినదని ఆ రోజు తెలిసింది. తర్వాత ఉపవాసాలు పట్టాను. శనివారాలు, ఏకాదశులు. పేరుకు దేవుడి కోసం, నిజానికి నాకు నేను వేసుకున్న శిక్ష. పగలు మంచినీళ్లతో గడిపిన రోజు రాత్రి డబ్బా సగానికి దిగేది.

కాబట్టి మిగతావన్నీ పక్కన పెట్టి, ముందు మర్నాటి పస్తు మానేయండి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, యుద్ధానికి వెళ్లబోమన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు వారి సమ్మతితోనే దాదాపు ఆరు నెలలు తిండి సగానికి తగ్గించి చూశారు. వాళ్లేమీ తిండిపోతులు కారు. అయినా వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడం, పళ్లెం నాకడం మొదలుపెట్టారు. కట్టుబాట్లు తీసేశాక కొందరు కడుపు నిండి నొప్పి పుడుతున్నా ఇంకా తినాలనే ఉందన్నారు. పస్తు పెట్టిన ఒళ్లు ఊరుకోదు, బాకీ వసూలు చేసుకుంటుంది. నిద్ర చాలకపోయినా ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుందంటారు. రెండు గంటలకోసారి లేచే నాకు ఆ బాకీ కూడా ఉండేది.

ఒక స్నేహితురాలి మాట విని మానసిక నిపుణురాలి దగ్గరకు వెళ్లాను. ఆవిడ తిండి మానమని అనలేదు. ఎన్ని గంటలకు తిన్నారు, ఏం తిన్నారు, అంతకు కాస్త ముందు ఏం జరిగింది, ఈ మూడే రాయమన్నారు. ఎంత తిన్నానో రాయవద్దన్నారు. పాల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో మూడు వారాలు రాశాను. చూస్తే, మధ్యాహ్నం నేను కంచం ముందు కూర్చునేది మూడున్నరకు. అందరికీ పెట్టి, కడిగి, తుడిచాక. ఇక కాజాలు ఎక్కువగా ఖర్చయింది మా ఆడపడుచు ఫోన్ చేసిన రోజుల్లో. "వదినా, నాన్న చిక్కిపోయినట్టున్నారు, వేళకు పెడుతున్నారా?" అని అడిగేది. "అలాగేనమ్మా, చూస్తాను" అనేదాన్ని. ఆ ఒక్క 'చూస్తాను' ఖరీదు ఆరు కాజాలు. కోపం దిగమింగిన రోజు కరకరలాడేవి కావాలి, దిగులు పడ్డ రోజు తీపి కావాలి. ఇది నా లెక్క, మీది వేరుగా ఉండవచ్చు.

అసలు సంగతి పుస్తకంలో లేదు. "ఆ అరగంటలో మిమ్మల్ని ఎవరైనా పిలుస్తారా?" అని ఆవిడ అడిగారు. ఎవరూ పిలవరు. రోజు మొత్తంలో నన్ను ఎవరూ పిలవని సమయం అదొక్కటే. డబ్బా మానేస్తానని నేను పైకి అంటున్నాను, ఆ అరగంట వదులుకోవడానికి లోపలి మనిషి ఒప్పుకోవడం లేదు. ఎందుకు ఒప్పుకుంటుంది?

ఆ సాయంత్రమే మా వారితో అన్నాను, "ఏమండీ, రోజూ తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర దాకా మావయ్య గారిని మీరు చూసుకోండి. నన్ను పిలవకండి."

"ఎక్కడికి వెళ్తావు?"

"ఎక్కడికీ లేదు. మేడ మీద కూర్చుంటాను."

"ఒంట్లో బాగోలేదా?"

బాగానే ఉందన్నాను. మొదటి రోజు మూడుసార్లు పిలిచారు, డైపర్లు ఎక్కడున్నాయని ఒకసారి, టీవీ రిమోట్ ఎక్కడుందని రెండుసార్లు. నేను పలకలేదు. వారానికి అలవాటు పడ్డారు. నేను చిన్న పళ్లెంలో నాలుగు జంతికలు పెట్టుకుని, మేడ మీద కుర్చీలో కూర్చుని, చప్పుడయ్యేలా కొరికి తిన్నాను. ఏడాదిన్నరగా నానబెట్టినవే నమిలాను కదా, జంతిక కరకరలాడుతుందన్న సంగతే మరిచిపోయాను. నాలుగులో ఒకటి మిగిలింది.

దాంతో అంతా సర్దుకుందని అనుకోకండి. మొదటి నెలలో వారానికి మూడుసార్లయినా మళ్లీ వంటింట్లో తేలేదాన్ని. మధ్యాహ్నం భోజనం ఒంటిగంటన్నరకు మార్చాక తగ్గింది. ఎనిమిది నెలల్లో ఐదు కిలోలు తగ్గాను, చక్కెర 5.8కి దిగింది. కిందటేడు మావయ్య గారు పోయారు. పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి రోజంతా నా అరగంటే అయిపోయింది, డబ్బా మళ్లీ చేతికొచ్చింది. రెండు నెలలు అలాగే నడిచింది. పాల పుస్తకం మళ్లీ తీశాను.

మీకు డబ్బా బదులు ఫోన్ ఉంది. సాయంత్రం ఆరుకు ఆఫీసులోనే ఏదైనా తినండి, ఇడ్లీయో గుడ్డో. రాత్రి ఆర్డరు పెట్టాలనిపిస్తే పావుగంట ఆగి చూడండి, నాకైతే ఆ తహతహ అంతసేపటికి కొంత దిగేది. దిగకపోతే తెప్పించుకోండి. డబ్బాలోంచి కాకుండా పళ్లెంలో పెట్టుకుని, ఫోన్ పక్కన పడేసి తినండి.

ఒకటి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వారానికి ఒకసారైనా, మూడు నెలలుగా, ఆపుకోలేనంతగా తింటుంటే అది అలవాటు స్థాయి దాటినట్టే. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లోనే దాన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది, చికిత్స ఉంది. తిన్నదాన్ని వాంతి చేసుకుంటున్నట్లయితే అసలు ఆలస్యం చేయకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

మీ ప్రశ్నలో మధ్యాహ్నం ఎన్ని గంటలకు తింటారో రాయలేదు. పస్తు లేని రోజున, ఎన్ని గంటలకు, ఎవరి పక్కన కూర్చుని? అది రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.