బ్రాండ్ ఛార్జర్ దండగ అని నేనూ వాదించేవాణ్ని, ఒక సెలవు చీటీ రాసేదాకా

మీ ప్రశ్న ఇది: ఫోను పెట్టెలో ఛార్జర్ రాలేదు, కంపెనీ ఛార్జర్ ధర చూస్తే గుండె గుభేలుమంటోంది, అందులో నాలుగో వంతుకే పేరూ ఊరూ లేని ఛార్జర్ దొరుకుతోంది, రెండింటి మీదా 5 వోల్టులనే రాసి ఉంది, మరి ఎక్కువ పెట్టి కొనడం దండగ కాదా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఎక్కువ పెట్టండి. అయితే మీ ఫోను మీద ఉన్న పేరే ఛార్జర్ మీద కూడా ఉండి తీరాలని పట్టుబట్టకండి. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపేయవచ్చు. తీరిక ఉంటే నా సెలవు చీటీ సంగతి వినండి.

మూడేళ్ల కిందట ప్రయాణంలో ఒక లాడ్జి గది సాకెట్‌లో నా పాత ఛార్జర్ వదిలేసి వచ్చాను. ఛార్జర్లను దొంగలెత్తుకుపోవడం నేను ఎన్నడూ వినలేదు, అన్నీ ఇలాగే పోతాయి. మళ్లీ కంపెనీ ఛార్జర్ కొనడానికి మనసొప్పక, కనిపించిన వాటిలో అన్నిటికన్నా చవకైనది తెచ్చుకున్నాను. వారం పాటు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ వారంలో కనీసం నలుగురికి, ‘బ్రాండ్ అంటే బొమ్మకు కట్టే పన్ను’ అని ఉపన్యాసం ఇచ్చాను. మా బాబాయి మాత్రం దాన్ని అరచేతిలో ఎగరేసి చూసి, “ఇందులో ఏమీ ఉన్నట్టు లేదురా” అన్నాడు. ఆయన ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. కొత్త వస్తువు ఏది చూపించినా అలాగే అంటాడు కాబట్టి పట్టించుకోలేదు.

ఒక రాత్రి పదకొండు దాటాక మా పై అధికారికి సెలవు చీటీ రాస్తున్నాను. ఫోనులో ఆరు శాతమే ఉంది, అందుకని ప్లగ్ పెట్టే రాస్తున్నాను. ‘జ్వరంగా ఉంది’ అని మొదలుపెట్టానో లేదో, నేను ‘ఉ’ నొక్కితే ‘ఝ’ పడుతోంది. చెరిపితే రెండు పడుతున్నాయి. తెర తనంతట తానే పైకీ కిందికీ ఊగుతోంది. వేలు పూర్తిగా తీసేసి చూశాను. నా ప్రమేయం లేకుండానే అక్షరాలు వరసగా రాలిపడుతున్నాయి. ‘గౌరవనీయులైన మేడమ్ గారికి, జ్వరంఝఝఝఝటట’ దాకా వచ్చి అదే పంపేసింది. దాని వెనకాలే నవ్వుతున్న బొమ్మ ఒకటి. ఇదేమిటని నోరు తెరిచేలోగా వీడియో కాల్ మొదలైంది. ఆవిడ ఎత్తారు కూడా. నా జ్వరం నేను రాయబోయినంత పెద్దది కాదని ఆవిడకు తెర మీద స్పష్టంగా కనిపించే ఉంటుంది. సెలవు రెండు రోజులు అడగాలనుకున్నాను, ఒక్క రోజే వచ్చింది.

ఫోనులో వైరస్ దూరిందనుకుని ఆ ఒక్క రోజూ దానికే ధారపోశాను. యాప్‌లు తీసేశాను. చివరికి మొత్తం తుడిచి, కొత్త ఫోనులా మొదటినుంచీ పెట్టుకున్నాను. అయినా సాయంత్రానికి మళ్లీ అదే పూనకం. విసుగొచ్చి ప్లగ్ పీకితే టక్కున ఆగింది. పెడితే ఆట, తీస్తే మౌనం. ఇంత చిన్న సంగతి కనిపెట్టడానికి నాకు రెండు రోజులు పట్టిందని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

తర్వాత తెలిసింది ఇది. తెర మన వేలిని గుర్తుపట్టేది ఒత్తిడితో కాదు, వేలు దగ్గరకు వచ్చినప్పుడు అక్కడి విద్యుదావేశంలో వచ్చే అతి చిన్న తేడాతో. ఇక ఛార్జర్ లోపల జరిగేది చిన్న గందరగోళం కాదు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును ముందు దాదాపు 325 వోల్టుల డీసీగా మారుస్తారు. దాన్ని సెకనుకు వేల సార్లు తెంపి, అతికించి, గోళీకాయంత ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, అవతలి పక్క 5 వోల్టులుగా చదును చేస్తారు. ఆ తెంపడంలో పుట్టే రొదను అణచడానికి కొన్ని భాగాలు కావాలి. వాటిని మానేస్తే ఛార్జర్ చవకవుతుంది, రొద కేబుల్ వెంట ఫోనులోకి దిగుతుంది. పాపం తెర అది వేళ్ల గుంపు అనుకుంటుంది.

బాబాయికి చెబితే “తీసుకురా” అన్నాడు. స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతూ ఉండగానే ఆయన గోటితో నొక్కితే డొల్ల రెండుగా విడిపోయింది. జిగురు కూడా సరిగా వేయలేదు. లోపలి బోర్డు మీద చాలా భాగాలకు బొమ్మలు గీసి ఉన్నాయి, చిల్లులూ ఉన్నాయి, భాగాలే లేవు. ఖాళీ స్థలాల లేఅవుట్‌లా ఉంది. ఫ్యూజు ఉండాల్సిన చోట చిన్న తీగ ముక్క అతికించారు. బాబాయి దాన్ని చూసి నవ్వాడు. తర్వాత బోర్డు తిరగేసి కళ్లద్దాలు సర్దుకున్నాక మాత్రం నవ్వలేదు.

ఆయన చూపించింది ఒక సందు. ప్రతి ఛార్జర్ బోర్డుకూ రెండు ఒడ్డులుంటాయి. ఒక ఒడ్డున గోడ కరెంటు, ఇంకో ఒడ్డున మన చేతిలోని ఫోనుకు వెళ్లే 5 వోల్టులు. మంచి ఛార్జర్లలో ఈ రెండింటి మధ్య ఆరు మిల్లీమీటర్లో, అంతకు కాస్త ఎక్కువో ఖాళీ వదులుతారు. చాలావాటిలో అక్కడ బోర్డును పొడుగ్గా కోసేస్తారు కూడా, దుమ్మూ తేమా చేరి వంతెన కట్టకుండా. మా వాడిలో ఒకచోట టంకం బొట్టు పొంగి అవతలి ఒడ్డుకు దాదాపు ఆనుకుని ఉంది. మధ్యలో పెళ్లి శుభలేఖ అట్టను నిలువుగా దూర్చబోతే పట్టలేదు. “ఇక్కడ ఒక చీమ చచ్చిపడితే చాలు, ఆ కరెంటు నేరుగా నీ చెవి దగ్గరకు వస్తుంది” అన్నాడు బాబాయి. నేను ఆ ఛార్జర్‌కు ఫోను తగిలించి గంటల తరబడి మాట్లాడిన మనిషిని. చెవి తడిమి చూసుకున్నాను.

ట్రాన్స్‌ఫార్మర్ కూడా విప్పాడు. రెండు తీగచుట్ల మధ్య పలచటి టేపు ఒక్క చుట్టు ఉంది. మంచివాటిలో టేపు పొరలు పొరలుగా ఉంటుంది, లేదా తీగకే మూడు పొరల తొడుగు ఉంటుంది.

అప్పుడు అర్థమైంది నాకు, ఎక్కువ ధర పెట్టి కొనేది ఆ సందును, ఆ ఫ్యూజును, ఆ టేపును అని. ఇదేదో నా ఒక్కడి దురదృష్టం అనుకునేరు. 2016లో యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ, ఆపిల్ ఛార్జర్లకు నకిలీలుగా చేసిన 400 ఛార్జర్లను పరీక్షకు పెట్టింది. అందులో 397 ప్రాథమిక భద్రతా పరీక్షల్లో తప్పాయి. పన్నెండింటి నిర్మాణం మనిషి ప్రాణం తీసే షాక్ కొట్టేంత అధ్వానంగా ఉంది. మిగిలిన మూడు ఎవరి ఇంట్లో ఉంటే వాళ్లు అదృష్టవంతులు.

బరువు సంగతి కూడా చెప్పాలి. ఈ అనుభవం తర్వాత కొన్నాళ్లు ‘చేతిలో బరువుగా ఉన్నదే మంచి ఛార్జర్’ అని కొత్త ఉపన్యాసం మొదలుపెట్టాను. అది విని మా తమ్ముడు బరువైనది చూసి మరీ కొన్నాడు. అదీ పేరులేనిదే. బాబాయి దాన్నీ విప్పాడు. లోపల ఒక ఇనుప ముక్కను జిగురుతో అంటించి ఉంచారు. అది చేసే పని ఏమీ లేదు, బరువు తప్ప. అంటే నాలాంటి మేధావులు ఉంటారని తయారీదారుకు ముందే తెలుసు. తమ్ముడు ఆ ముక్కను దాచిపెట్టుకుని, నేను ఏ విషయం మీద సలహా ఇచ్చినా తెచ్చి ఎదురుగా పెడతాడు.

ఇక కంపెనీల వంతు. మీ ఫోను కంపెనీదే కొనాలన్న నియమం ఎందుకు లేదంటే, ఇప్పుడు చాలా ఫోన్లకూ ఛార్జర్లకూ ఒక ఉమ్మడి భాష ఉంది. యూఎస్‌బీ పవర్ డెలివరీ అంటారు, 2012లో వచ్చింది. తగిలించగానే రెండూ మాట్లాడుకుంటాయి. 5, 9, 15, 20 వోల్టుల్లో తన దగ్గర ఏవేవి ఉన్నాయో ఛార్జర్ చెబుతుంది, తనకు కావలసింది ఫోను అడుగుతుంది. 2021లో దీని పరిమితి 240 వాట్ల దాకా పెరిగింది. కాబట్టి ఛార్జర్లు చేయడమే పనిగా పెట్టుకున్న ఏ పేరున్న సంస్థది కొన్నా సరిపోతుంది, ధర కూడా తరచు ఫోను కంపెనీ దానికన్నా తక్కువే. మినహాయింపు ఒకటుంది. కొన్ని కంపెనీలకు సొంత భాష ఉంటుంది. 2014లో వచ్చిన ఒప్పో వూక్ అలాంటిదే. ఆ పూర్తి వేగం కావాలంటే ఆ ఛార్జరే, చాలాసార్లు ఆ కేబులే కావాలి. వేరేది పెడితే నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే. రాత్రంతా గురక పెట్టి నిద్రపోయేవాళ్లకు అరగంటలో ఫోను నిండాల్సిన తొందరేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎక్కువ వాట్ల ఛార్జర్ పెడితే బ్యాటరీ కాలిపోతుందని బెదిరించేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. బ్యాటరీలోకి ఎంత పంపాలో నిర్ణయించే సర్క్యూట్ ఫోనులోనే ఉంది. గోడకు తగిలించేది దానికి సరఫరా మాత్రమే. చెరువులో నీళ్లు ఎక్కువున్నాయని చెంబు పగలదు. అలాగే, వాడనప్పుడు ప్లగ్ తీసేయకపోతే కరెంటు బిల్లు మోగిపోతుందని మా అమ్మ నన్ను ఏళ్ల తరబడి తిట్టింది. ఈ కాలపు మంచి ఛార్జర్ ఊరికే ఉన్నప్పుడు పదోవంతు వాటు కూడా తాగదు. ఏడాదంతా అలా వదిలేసినా ఒక యూనిట్ కాదు. లెక్క వేసి చూపించాను. అమ్మ కాగితం చూసి, ప్లగ్ తీసేసి వెళ్లిపోయింది.

పెట్టెలోంచి ఛార్జర్ మాయమవడం మీద నాకూ కోపమే. 2020 అక్టోబరులో ఆపిల్ ఐఫోన్ 12తో మొదలుపెట్టింది, పర్యావరణం పేరు చెప్పి. మిగతావాళ్లు ముందు ఎగతాళి చేసి, తర్వాత తామూ అదే దారి పట్టారు. చెత్త తగ్గుతుందన్న మాట కొట్టిపారేయలేను. కానీ ఆ మిగిలిన డబ్బు మన జేబులోకి రాలేదు, పైగా మీలాంటివాళ్లు చవక ఛార్జర్ల వైపు చూసేది అందుకే. యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబరు 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లకు టైప్-సి తప్పనిసరి అయింది. కనీసం ఒక ఛార్జర్ కొంటే ఇంటిల్లిపాదికీ పనికొచ్చే రోజు వచ్చింది.

కేబుల్ సంగతి మీరు అడగలేదు, కానీ అసలు దొంగ అక్కడ ఉండవచ్చు. మంచి ఛార్జర్ కొన్నాక కూడా నా ఫోను నత్తలాగే ఎక్కేది. ఎక్కడో ఉచితంగా వచ్చిన సన్న కేబుల్ వాడుతున్నాను. సన్న కేబుళ్లలో కరెంటు మోసే తీగ తరచు 28 గేజి ఉంటుంది (గేజి అంటే తీగ మందం కొలత, అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది). మీటరు పొడవుకు పోనూ రానూ కలిపి దాని నిరోధం 0.4 ఓముల పైమాటే. 2 ఆంపియర్లు పంపితే 0.8 వోల్టులకు పైగా దారిలోనే ఆవిరి. 5 వోల్టుల్లో ఫోనుకు చేరేది 4.2 కూడా ఉండదు, ఇక అది ఏం తింటుంది? గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియంగ్ 2015 నుంచి టైప్-సి కేబుళ్లను ఒక్కొక్కటే కొని పరీక్షించేవాడు. 2016 ఫిబ్రవరిలో, లోపలి తీగలు తారుమారుగా అతికించిన ఒక కేబుల్ ఆయన ల్యాప్‌టాప్‌నే పాడుచేసింది. తర్వాతి నెలలో, ప్రమాణాలు పాటించని టైప్-సి కేబుళ్లను తన దగ్గర అమ్మకూడదని అమెజాన్ నిషేధం పెట్టింది. అందుకే, చేతిలో డబ్బు తక్కువగా ఉంటే చిన్న వాట్ల ఛార్జర్ కొనండి, కేబుల్ దగ్గర మాత్రం పిసినారితనం చూపకండి.

కొనేటప్పుడు పెట్టె మీద పెద్దగా వేసిన వాట్ల అంకెను నమ్మకండి. మూడు రంధ్రాల ఛార్జర్ మీద 65 అని ఉంటే అది చాలాసార్లు ఒక్కదాన్నే వాడినప్పటి మాట, రెండు ఫోన్లు తగిలిస్తే పంచుకుంటాయి. ఛార్జర్ ఒంటి మీద చీమతలకాయల్లాంటి అక్షరాల్లో ‘అవుట్‌పుట్’ వరస ఉంటుంది, నిజం రాసేది అక్కడ. 9 వోల్టుల వరస అసలే లేకపోతే అది పాతకాలపు సరుకు. చదవడానికి కళ్లు సహకరించకపోతే ఫోటో తీసి పెద్దది చేసి చూడండి.

ఒకవేళ ఈ జవాబు చేరేలోపే ఆ చవకది కొనేసి ఉంటే, ఒక పని చేయండి. దానికి ఫోను తగిలించి, బొమ్మలు గీసే యాప్ తెరిచి, వేలితో నెమ్మదిగా ఒక అడ్డగీత గీయండి. తర్వాత ప్లగ్ తీసేసి, పక్కనే ఇంకో గీత గీయండి. మొదటిది వణికి, రెండోది నున్నగా వస్తే ఆ ఛార్జర్‌ను మీ బాబాయికి ఇచ్చేయండి. రెండూ ఒకేలా వచ్చినా లోపలి సందు ఎంతుందో గీత చెప్పదు కాబట్టి, ఫోను దానికి తగిలించి చెవి దగ్గర పెట్టుకోకండి. సెలవు చీటీలు ఎలాగూ ప్లగ్ తీసేశాకే రాయండి.